చివ్వెంల తమ్ముని చెక్క గిటారు



మా శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఎక్కువ భాగము తబలా, హార్మోనియం, కీబోర్డుల మరమ్మతుల గురించే ఉంటాయి. ఈ నెల చివ్వెంల నుండి ఒక యవ్వన సోదరుడు వ్రాసిన ఉత్తరము వేరుగా ఉన్నది. వారి నాన్నగారు వడ్రంగి. పాత తలుపుల టేకు చెక్కతో తండ్రీ కొడుకులు కలిసి ఒక ఎలక్ట్రిక్ గిటారు చేసుకొన్నారు. పికప్‌లు, చెవులు, బ్రిడ్జి మాత్రము హైదరాబాదు నుండి తెప్పించుకొన్నారు. మూడు నెలలు ఆదివార ఆరాధనలో చక్కగా వాయించినాడట. ఒక రోజు పాట మధ్యలో మైకుకు పెదవి తగిలి గట్టిగా షాకు కొట్టింది. ఆ రోజే వాళ్ల అమ్మగారు గిటారును మేకుకు తగిలించి, "ఇగ దాన్ని ముట్టకు బిడ్డా" అన్నారు. నాన్నగారు ఏమీ అనలేదట, కాని రోజూ దానివైపు చూస్తున్నారట.

తమ్ముని ప్రశ్న ఇది: "బ్యాటరీతో పనిచేసే పికప్‌లు ఉంటాయని విన్నాను. అవి బిగిస్తే గిటారులో కరెంటు రాదని అమ్మకు చెప్పవచ్చునా?"

సగము వరకు చెప్పవచ్చును. ఆ సగమేమిటో, మిగిలిన సగమేమిటో విడమరచి వ్రాయకపోతే మేము తప్పు చేసినవారమవుతాము.

పికప్ అనగా అయస్కాంతము చుట్టూ వెంట్రుక వంటి రాగి వైరును వేల చుట్లు చుట్టిన చిన్న పెట్టె. దానిపైన ఉక్కు తీగ కదిలినప్పుడు ఆ చుట్టలో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. ఈ సూత్రమును 1831లో కనుగొన్నది మైఖేల్ ఫారడే. ఆయన కమ్మరి కొడుకు, పుస్తకములకు అట్టలు కుట్టే పని నేర్చినవాడు, లండనులోని ఒక చిన్న సంఘములో పెద్దగా సేవ చేసినవాడు. మన యవ్వనస్థులు గిటారు మీటిన ప్రతిసారీ ఆ సంఘపెద్దకు కొంత ఋణపడుతున్నారు.

మామూలు పికప్‌కు రెండు బలహీనతలున్నవి. ఒకటి, తీగ కదలికతో పాటు ట్యూబులైటు చోకు, ఫ్యాను రెగ్యులేటరు, క్రిస్మస్ సీరియల్ బల్బులు చేసే గుయ్యిమనే శబ్దమును కూడా పట్టుకొంటుంది. రెండు, దాని సిగ్నల్ బలహీనము. మన పల్లె సంఘములలో గిటారుకు వేరే ఆంప్లిఫయరు ఎక్కడిది? నలభై అడుగుల వైరు లాగి నేరుగా ఆహూజా డబ్బాలో పెడతాము. అంత దూరము పోయేసరికి స్వరములోని మెరుపు పోయి, దుప్పటి కప్పినట్లు మొద్దుబారి వినిపిస్తుంది.

బ్యాటరీ పికప్‌లలో చుట్టు తక్కువ. లోపలనే చిన్న ప్రీ ఆంప్లిఫయరు ఉంటుంది. 9 వోల్టుల బ్యాటరీ దానిని నడుపుతుంది. శబ్దము తక్కువ, పొడవైన వైరులో కూడా స్వరము చెడదు. 1976లో కాలిఫోర్నియాలో రాబ్ టర్నర్ ప్రారంభించిన ఇ.ఎం.జి. కంపెనీ వలన ఇవి ప్రపంచమంతా వాడుకలోకి వచ్చినవి.

ఇక షాకు సంగతి. మామూలు గిటారులో బ్రిడ్జి క్రింద నుండి ఒక వైరు జాక్ సాకెట్ దాకా పోతుంది. వాయించేవాని ఒంటి ద్వారా వచ్చే గుయ్యిమనే శబ్దము తగ్గుటకే అది. అయితే దాని వలన తీగలు, జాక్, ఆంప్లిఫయరు లోహపు డబ్బా అన్నీ ఒక్కటే అవుతాయి. ఆ డబ్బాకు మూడవ పిన్ను విరిచేసి ఉంటే, లేక మందిరములో ఎర్తింగ్ లేకుంటే, లోపల లీకయిన కరెంటు నేరుగా తీగల మీదికి వస్తుంది. చేయి తీగల మీద, పెదవి వేరే మిక్సరుకు కలిపిన మైకు మీద ఉంటే మధ్యలో ఉన్నది మన ఒళ్లే. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీ పట్టణములో లెస్ హార్వే అనే గిటారు వాద్యకారుడు ఎర్తింగ్ సరిగాలేని మైకును తాకి వేదిక మీదనే మరణించినాడు. వయస్సు 27. అమ్మగారి భయము ఉత్త భయము కాదు తమ్ముడూ.

బ్యాటరీ పికప్‌లకు ఆ బ్రిడ్జి వైరు అవసరము లేదు. దానిని తీసివేస్తే తీగలకు, ఆంప్లిఫయరుకు మధ్యనున్న దారి తెగిపోతుంది. నీవు అమ్మకు చెప్పగలిగిన సగము ఇదే. కాని లీకేజి అలాగే ఉంటుంది. జాక్ పిన్ను లోహము, మైకు లోహము. రేపు నీ బదులు పాడే చెల్లెలు ఆ మైకు పట్టుకొంటుంది. కాబట్టి గిటారు విప్పకముందే మందిరము బోర్డు విప్పించండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఉప్పు, బొగ్గు వేసిన ఎర్తింగ్ గుంట ఉన్నదో లేదో చూపించండి. ఉంటే వేసవిలో దానికి నీళ్లు పోసే బాధ్యత ఒకరికి అప్పగించండి. 30 మిల్లీఆంపుల ఆర్.సి.సి.బి. పెట్టించండి. మైకులు, గిటారు, కీబోర్డు అన్నీ ఒకే బోర్డు నుండి కరెంటు తీసుకోవాలి. ఈ ఖర్చు సంఘము భరించవలసినది, తమ్ముని ఇంటివారు కాదు. ఈ మాట సంఘపెద్దలు చదవాలనే వ్రాస్తున్నాము.

ఇప్పుడు అమర్చే పని. మొదట బ్యాటరీకి చోటు. దాని పొడవు సుమారు 48 మిల్లీమీటర్లు, వెడల్పు 26, మందము 17. వెనుక వైపు దానికంటె కొంచెము పెద్ద గుంట ఉలితో తీయాలి. ముందుగా చెక్క మందము కొలవండి. నాన్నగారికి ఇది మేము చెప్పనక్కరలేదు. బ్యాటరీని స్పాంజి ముక్కలో చుట్టి పెడితే గలగలలాడదు.

పాత వాల్యూమ్, టోన్ కంట్రోళ్లు 250 లేక 500 కిలో ఓములవి అయి ఉంటాయి. వాటిని తీసివేసి 25 కిలో ఓములవి వేయాలి. పాతవి ఉంచితే వాల్యూమ్ మెల్లగా పెరగక ఒక్కసారిగా లేస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడి పికప్ చెడ్డదని తిరిగి పంపుతారు. ఒక పాతది, ఒక బ్యాటరీది కలిపి అవే కంట్రోళ్లకు బిగించవద్దు. రెండూ మార్చండి.

జాక్ సాకెట్ స్టీరియోది కావాలి, మూడు కాళ్లు ఉంటాయి. కొనకు తగిలే కాలికి స్వరము వైరు, మధ్య రింగు కాలికి బ్యాటరీ నల్ల వైరు, బయటి కాలికి గ్రౌండు. ఎర్ర వైరు పికప్‌ల కరెంటు వైరుకు. మామూలు మోనో పిన్ను గుచ్చగానే రింగు, గ్రౌండు కలిసి బ్యాటరీ పని మొదలు పెడుతుంది. పిన్ను తీస్తే ఆగుతుంది. వేరే స్విచ్చి అక్కరలేదు. అందుకే ఆరాధన అయిన వెంటనే పిన్ను తీయాలి. పిన్ను మరచినవాడు బ్యాటరీకి మళ్లీ డబ్బు పెడతాడు. టంకము వేసేటప్పుడు బ్యాటరీ తగిలించి ఉండరాదు.

అంతా అయిన తరువాత మల్టీమీటరును బజరులో పెట్టి, ఒక మొన తీగకు, ఇంకొకటి జాక్ బయటి లోహమునకు ఆనించండి. కూత రాకూడదు. వచ్చినదంటే బ్రిడ్జి ఎక్కడో లోపలి రేకుకు తగులుతున్నది. అది సరిచేసే వరకు గిటారు మేకుకే ఉండనివ్వండి.

ధర సంగతి దాచము. మంచి కంపెనీ జత ఖరీదుకు మంచి మైకులు రెండు వస్తాయి. అదే ఆకారములో చౌక నకళ్లు కూడా అమ్ముతున్నారు. స్వరము మొద్దుబారుటయే బాధ అయితే డి.ఐ. బాక్సు ఒకటి కొంటే తక్కువలో పోతుంది. అద్దె సౌండు వాళ్ల దగ్గర అడిగి ముందు పరీక్షించండి. మేమైతే ఎర్తింగ్, తరువాత డి.ఐ. బాక్సు, ఆ తరువాతే పికప్‌లు అంటాము.

చేతితో చేసిన వాద్యమని చిన్నబుచ్చుకోవద్దు. 1963లో ఇంగ్లండులో బ్రయాన్ మే అనే కుర్రవాడు తండ్రి హెరాల్డ్‌తో కలిసి, పాత పొయ్యిగూడు చెక్కతో గిటారు మెడ చేసుకొన్నాడు. దాదాపు రెండేళ్లు పట్టింది. తానే చుట్టిన పికప్‌లు సరిగా పలుకక దుకాణములో కొన్నవి పెట్టుకొన్నాడు. ప్రపంచమంతా ఆ గిటారుతోనే తిరిగినాడు. మన పాలకొల్లు బిడ్డ యు. శ్రీనివాస్ (1969-2014) ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను తన సంగీతమునకు తగినట్లు మార్పించుకొని, జంట తీగల బదులు అయిదు ఒంటి తీగలతో వాయించినాడు. పికప్ లేకుంటే ఆ చిన్న వాద్యములో స్వరము అంతసేపు నిలిచేది కాదు.

ఒక హెచ్చరిక మిగిలినది. బ్యాటరీ అయిపోవచ్చినప్పుడు స్వరము పగిలినట్లు వస్తుంది, తరువాత పూర్తిగా మూగబోతుంది. రెండు పికప్‌లకు ఒక బ్యాటరీ వెయ్యి గంటలకు పైగా వస్తుంది కనుక మార్చిన తేదీ ఎవరికీ గుర్తుండదు. గుంట మూత లోపల తెల్ల ప్లాస్టరు అంటించి తేదీ వ్రాయండి. సంచిలో ఇంకొకటి ఉంచుకోండి. పదిమంది కన్యకల సంగతి తెలిసిన సంఘమునకు ఇంతకంటె చెప్పనక్కరలేదు.

తమ్ముడు చివర అడిగినాడు, తీసిన పాత పికప్‌లు అమ్మివేయాలా అని. అమ్మవద్దు. నాన్నగారి దగ్గర ఇంకొక తలుపు చెక్క ఉన్నదని నీవే వ్రాసినావు కదా.