సెలవునాటి చేతిపని: కోయకండి, వంచండి

పోయిన నెల బొమ్మ రైలుకు బల్ల చట్రం కట్టుకున్నాం. ఈ నెల పని దాని మీద పట్టాలు కూర్చునే చెక్క బాట. నేరుగా పోయే చోట ఇబ్బంది లేదు, ఒక సాఫు పలక వేసి మేకులు కొడితే సరి. తిప్పలంతా మలుపులోనే. రైలు సెట్టు కొన్న ఇళ్లలో వినే మాట ఒకటే: "బండి నేరుగా మంచిగనే ఉరుకుతది, మూల తిరిగేకాడ పడతది." మూడడుగుల ఎత్తు నుంచి షాబాద్ బండ మీద పడితే ఇంజను ఇరుసు వంగుతుంది, పిల్లవాడి మనసు విరుగుతుంది. నాలుగుసార్లు పడ్డాక డబ్బా అటకెక్కుతుంది. ఎన్నో నెలల పొదుపు దానితోపాటే పోతుంది. కాబట్టి ఈ పనిలో మాత్రం తొందర వద్దు.

మలుపులో బండి ఎందుకు పడుతుందో ముందు లెక్క చూద్దాం. మనం వాడే హెచ్.ఓ. కొలత అసలు రైలులో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. మన దేశంలో అసలు బ్రాడ్‌గేజ్ లైనులో అన్నిటికన్నా బిగువైన మలుపుకు వ్యాసార్ధం 175 మీటర్లు. 87తో భాగిస్తే 2 మీటర్లు. అంటే చుట్టు తిరగడానికి 4 మీటర్ల వెడల్పు కావాలి. పది పన్నెండు అడుగుల ఖోలీలో అది పట్టదు. మనం పెట్టుకునేది 24 అంగుళాల వ్యాసార్ధం, అసలు లెక్కలో 53 మీటర్లే. నారోగేజ్ లైనుకు 44 మీటర్ల దాకా ఒప్పుకుంటారు. మన షోలాపూర్ జిల్లాలో 1897లో మొదలైన బార్సీ లైట్ రైల్వే అలాంటి రెండున్నర అడుగుల గేజి లైనే. పెద్ద బండిని తీసుకొచ్చి చిన్న బండి మలుపులో తిప్పుతున్నాం అన్నమాట. ఇప్పటికే ఇంత బిగించాం కనుక, ఆ మలుపులో ఎక్కడా చిన్న మొన కూడా ఉండకూడదు.

చాలామంది ప్లైవుడ్ మీద గీత గీసి జిగ్‌సా రంపంతో విల్లులా కోస్తారు. దీంట్లో రెండు నష్టాలున్నాయి. పలకలో సగానికి పైగా వృథా. పైగా రెండు ముక్కలు కలిసిన ప్రతిచోటా చిన్న మూల తేలుతుంది, బండి తప్పేది అక్కడే. గట్టి చెక్కను విల్లులా కోస్తే ఇంకా చేటు. నార అడ్డంగా తెగిపోయి, ఒత్తిడి పడ్డచోట పుటుక్కున విరుగుతుంది.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. మాను వంగదు, నిజమే. దాన్ని సన్నని బద్దలుగా చీలిస్తే మాత్రం ఇష్టంగా వంగుతుంది. మందం సగమైతే వంచడానికి కావలసిన బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మళ్లీ ఆ బద్దలన్నిటినీ అంటిస్తే మాను గట్టితనం తిరిగొస్తుంది, వంపు మాత్రం అలాగే నిలుస్తుంది.

వఖారుకు పోయి 5 మిల్లీమీటర్ల మందం, 25 మిల్లీమీటర్ల వెడల్పు, 8 అడుగుల పొడవున బద్దలు కోయించుకోండి. టేకు అక్కర్లేదు. యంత్రాల పెట్టెలకు వాడే పైన్ చెక్క చాలు. ముడి ఉన్న బద్ద పక్కన పెట్టండి, అది వంపులో విరుగుతుంది. నార పడుగు పోగులా ఈ కొస నుంచి ఆ కొసకు సాగి ఉండాలి. ఒక అర్ధచంద్రానికి ఎనిమిది బద్దలు కావాలి. నిలువుగా పక్కపక్కన చేర్చితే 40 మిల్లీమీటర్ల బాట అవుతుంది. నాలుగో బద్ద, ఐదో బద్ద కలిసే గీతే పట్టాలకు నడిమి గీత, మళ్లీ కొలవక్కర్లేదు.

పాత ప్లై పలక మీద గీత గీసుకోండి. ఒక బద్దకు చివర మేకు, 24 అంగుళాల దూరంలో పెన్సిల్ బెజ్జం, అదే మన కంపాసు. నేరు గీతను మాత్రం వలయానికి తాకేలా గీయకండి, 10 మిల్లీమీటర్లు బయటికి జరపండి. కిటుకు ఇక్కడే ఉంది. అసలు రైల్వేలో కూడా నేరు దారి నుంచి ఒక్కసారిగా మలుపులో పడేయరు. మధ్యలో మెల్లమెల్లగా వంపు పెరిగే ముక్క ఒకటి పెడతారు. దాన్ని గీయాలంటే ఇంజనీర్లకు సూత్రాలు కావాలి. మన బద్దకు అవేవీ అక్కర్లేదు, వదిలేస్తే తానే ఆ దారి పడుతుంది.

ఇప్పుడు నడిమి గీతకు 20 మిల్లీమీటర్లు లోపలగా, నాలుగేసి అంగుళాలకు ఒక మేకు కొట్టండి. నేరు దారి, మలుపు కలిసే చోట మాత్రం అటు ఏడున్నర, ఇటు ఏడున్నర అంగుళాలు మేకు లేకుండా వదలండి. కింద ప్లాస్టిక్ కాగితం పరవండి, లేకపోతే బాట పలకకే అంటుకుంటుంది. మొదటి బద్ద నడిమిని మలుపు నడిమిలో పెట్టి, అక్కడి నుంచి రెండు కొసల వైపు మేకులకు ఆనించుకుంటూ పోండి. దీనికి ఇద్దరు మనుషులు ఉండాలి. ఒకరు వంచి పట్టుకుంటే ఒకరు బిగిస్తారు. రెండో బద్దకు ఫెవికాల్ పూసి బట్టల క్లిప్పులతో పట్టించండి. మందం పెరిగి క్లిప్పులు పట్టకపోతే పాత సైకిల్ ట్యూబు చీల్చి చుట్టండి. రోజుకు రెండు బద్దలే. నాలుగు సాయంత్రాల పని అనుకోండి.

అర్ధచంద్రంలో బయటి బద్ద లోపలి బద్ద కన్నా సుమారు 11 సెంటీమీటర్లు ఎక్కువ పొడవు తింటుంది. కాబట్టి ముందే కొసలు సమంగా కోయవద్దు. చివరి బద్ద అంటించాక ఒక రాత్రి ఆగి, మేకులు పీకి, అప్పుడు రంపం పెట్టండి. పైభాగాన్ని చిత్రిక పట్టి, ఉప్పు కాగితంతో రుద్దండి.

ఈసారి బాటను సమంగానే ఉంచండి. వంతెన ఎక్కించాలని పిల్లలు మారాం చేస్తే భోర్ ఘాట్ గుర్తు చేయండి. ముంబై నుంచి వచ్చేటప్పుడు కర్జత్‌లో చాలా బండ్లకు వెనక ఇంజన్లు తగిలిస్తారు కదా. అక్కడి ఎక్కుడు 37 అడుగులకు ఒక అడుగు. మన ఒంటి ఇంజనుకు 50కి ఒకటి దాటనివ్వకూడదు. నాలుగు అంగుళాలు ఎక్కాలంటే దాదాపు 17 అడుగుల దారి కావాలి.

బాటను చట్రం మీద అడుగుకొక పొట్టి కాలు పెట్టి నిలపండి. ప్రతి కాలు దగ్గరా రసమట్టం అడ్డంగా పెట్టి చూడండి. తర్వాత కళ్లు మూసుకుని వేలిని బాట అంచు వెంట నడపండి. గిర్నిలో బట్ట మీద చెయ్యి వేసి తప్పు పోగు పట్టినవారు ఇంట్లో ఉంటే ఈ పని వారికే అప్పగించండి. కంటికి కనపడని మొన వారి వేలికి దొరుకుతుంది. అది దొరికినచోట చిత్రిక ఇంకోసారి తగిలించండి.

పుణె వెళ్లే పని పడితే కోత్రుడ్‌లోని జోషి మినియేచర్ రైల్వేల మ్యూజియానికి పిల్లల్ని తీసుకెళ్లండి. 1998 నుంచి నడుస్తోంది. మలుపుల్లో బండ్లు ఎలా వంగి పోతాయో నిదానంగా చూపించండి.

వచ్చే నెల పట్టాలు పరుద్దాం. అప్పటిదాకా బాట మీద బరువు పెట్టకండి, ఎండలో ఉంచకండి.