మాస్టారి జాబు: చీకట్లో చుక్కలు

పిల్లలూ,

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి వ్రాసినది. "మాస్టారూ, మా అన్నయ్య ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయిస్తాడు. ఇంట్లో ఒక్క తప్పు రాదు. స్టేజీ మీద తెల్లదీపాలు ఆర్పి రంగుదీపాలు వేశారంటే మాత్రం గిటారు మీది చుక్కలు కనబడక తడబడతాడు. మొన్న ఒక పెళ్ళిలో పాట ఎత్తుగడే ఒక మెట్టు పక్కన పట్టాడట. మళ్ళీ ఇలా అయితే ఇంకొకరిని చూసుకుంటామన్నారట. చీకట్లో మెరిసే రంగు ఏదైనా ఉన్నదా? తాతయ్య పాత అలారం గడియారం అంకెల మీద అలాంటి రంగే ఉన్నది. అది గీకి చుక్కలకు పెడదామనుకుంటున్నాం," అని వ్రాసింది.

ఆ చివరి మాట చదివి, పత్రిక అచ్చయ్యేదాకా ఆగకుండా ఆ పూటే కార్డు వ్రాసి పడేశాను: "గడియారం జోలికి పోవద్దు. అద్దం కూడా తీయవద్దు." ఎందుకో తరవాత చెబుతాను. ముందు గిటారు సంగతి చూద్దాం.

బేస్ గిటారుకు సాధారణంగా నాలుగు లావుపాటి తీగలు. పాట పైన నడుస్తుంటే ఇది కింద గంభీరంగా పలుకుతూ ఉంటుంది. అన్నిటికన్న లావు తీగను ఊరికే మీటితే సెకనుకు 41 సార్లు ఊగుతుంది. మెడ మీద అడ్డంగా లోహపు కడ్డీలుంటవి. మన వీణకున్నవీ అటువంటివే, కాబట్టి వాటిని మెట్లనే అందాం. వీణకు 24 మెట్లు; బేస్ గిటారుకు 20 మొదలు 24 దాకా ఉంటవి. పూర్వం ఈ పని డబుల్ బేస్ అనే నిలువెత్తు వాయిద్యం చేసేది. దానికి మెట్లు లేవు. వేలు ఎక్కడ ఆనాలో చెయ్యీ చెవీ కలిసి తేల్చుకోవలసిందే. 1951లో అమెరికాలో, కాలిఫోర్నియాలో, లియో ఫెండర్ అనే ఆయన మెట్లున్న బేస్ గిటారు తయారుచేసి అమ్మకానికి పెట్టి, దానికి ప్రెసిషన్ బేస్ అని పేరు పెట్టాడు. ప్రెసిషన్ అంటే కచ్చితం. మెట్లున్నవి గనక స్వరం కచ్చితంగా పలుకుతుందని ఆయన భావం.

కచ్చితమే, కాని పట్టవలసిన మెట్టు పడితేనే! ఒక మెట్టు తప్పితే ఒక స్వరస్థానం తప్పుతుంది. సంగీతం నేర్చుకునే పిల్లలకు చెప్పనక్కరలేదు, శుద్ధ రిషభం ఉండవలసిన చోట చతుశ్రుతి రిషభం పలికితే ఎలా ఉంటుందో! అందులోనూ బేస్ తప్పు పలికితే పైన పాడేవాడి శ్రుతే చెడినట్టు వినిపిస్తుంది. తప్పు ఒకడిది, చూపులన్నీ ఇంకొకడి మీద.

ఇక్కడ కాస్త లెక్క ఉన్నది. ఫెండరు బేస్ తీగ పొడవు 34 అంగుళాలు. 12వ మెట్టు సరిగ్గా సగంలో, 17 అంగుళాల దగ్గర ఉంటుంది. అక్కడ నొక్కితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. అయితే మెట్లన్నీ సమాన దూరంలో లేవు. తీగలో మోగే భాగాన్ని మెట్టు మెట్టుకూ 1.0595 చేత భాగించుకుంటూ పోవాలి. (ఈ సంఖ్యను తనతో తాను గుణించుకుంటూ పోయి, 12 సార్లు వేసి చూడండి. దాదాపు 2 వస్తుంది. రాకపోతే గుణకారం మళ్ళీ చెయ్యండి!) ఇందువల్ల మొదటి గడి వెడల్పు 1.9 అంగుళాలైతే, పన్నెండవ గడి ఒక్క అంగుళమే. మొదటి మెట్టు నుంచి పన్నెండవ మెట్టుకు చెయ్యి ఒక్క ఊపున 15 అంగుళాలు పోయి, అంగుళం వెడల్పు గడిలో దిగాలి.

"చూడకుండా వాయించడం నేర్చుకోమనండి, చుక్కలెందుకు?" అనే పెద్దలుంటారు. నేనొప్పుకోను. పక్క గడికి వేలు తనంత తానే పోతుంది, నిజమే. 15 అంగుళాల దూకుడుకు కన్ను తోడుండడం తప్పు కాదు. మెట్ల దారిలో దీపం పెట్టుకున్నవాడిని నడక రానివాడంటామా?

అందుకే 3, 5, 7, 9 గడులలో ఒక్కొక్క చుక్క, 12వ గడిలో రెండు చుక్కలు, ఆపైన 15, 17, 19లలో మళ్ళీ ఒక్కొక్కటి పెడతారు. మెడ ముందు వైపున పెద్ద చుక్కలుంటవి, కాని అవి చూసేవాళ్ళ వైపు తిరిగి ఉంటవి. వాయించేవాడికి కనబడేది మెడ పై అంచు. అక్కడి చుక్కలు ఆవగింజంత, సుమారు 2 మిల్లీమీటర్లు.

ఇవి మసకవెలుగులో ఎందుకు మాయమవుతవి? వెలుగు చాలక అని చటుక్కున అనేస్తారు. అది సగం జవాబే. మిగతా సగం తెలియాలంటే ఎర్రని గాజుకాగితం ఒకటి తీసుకోండి. తెల్లకాగితం మీద ఎర్ర పెన్సిలుతో మీ పేరు వ్రాసి, ఆ గాజుకాగితంలో నుంచి చూడండి. కాగితమంతా ఎర్రబడి పేరు కనబడదు! వెలుగు ఉన్నది, అక్షరం కాగితం మీదే ఉన్నది, లేనిది రెంటికీ మధ్య తేడా. కంటికి కనబడేది ఆ తేడాయే. గిటారు మెడకు వాడే రోజ్‌వుడ్ కర్ర గోధుమరంగు. అది ఎరుపును బాగానే తిరగకొడుతుంది. స్టేజీ మీద ఎర్రదీపం వెయ్యగానే తెల్లచుక్కా ఎర్రబడుతుంది, కర్రా ఎర్రబడుతుంది, తేడా తగ్గుతుంది. నీలిదీపమైతే కర్ర నల్లబడి చుక్క కొంత మేలుగా కనబడుతుంది. చుక్కలు బాగా కనబడాలని ఎర్రరంగు పూసేవారున్నారు. ఎర్రదీపం కింద అంతకన్న పనికిరాని రంగు లేదు.

ఇక కంటి సంగతి. మన కంటి లోపలి తెర మీద రెండు రకాల కణాలున్నవి. శంకువులు పగటివి, రంగులు తెలుసుకుంటవి. దండాలు రేయివి; రంగు తెలియదు గాని కొద్దిపాటి వెలుగును కూడా పట్టుకుంటవి. మిట్టమధ్యాహ్నం సినిమాహాలులోకి వెళితే కుర్చీ కూడా కనబడదు గదా! దండాలు పూర్తిగా తేరుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ముఖం మీద పెద్దదీపం కొట్టి, ఠక్కున ఆర్పి, పది సెకన్లలో పాట మొదలుపెట్టమంటే ఆ అన్నయ్య కళ్ళు మాత్రం ఏం చేస్తవి? ఇంకో చిత్రం. కంటి తెర నడిమధ్యన దండాలు లేవు. కాబట్టి మసకలో చుక్కను సూటిగా చూడకుండా కాస్త పక్కకు చూడాలి. ఈ రాత్రి డాబా మీద మినుకుమినుకుమనే చిన్న నక్షత్రాన్ని సూటిగా చూడండి, మాయమవుతుంది. దాని పక్కకు చూడండి, మళ్ళీ వస్తుంది.

ఉపాయాలకు వద్దాం. దుకాణానికి పోయి అడిగితే ముందుగా ఇచ్చేది "రేడియం స్టిక్కరు". లారీల వెనక, సైకిలు మడ్‌గార్డు మీద అతికిస్తారే, అది. అందులో రేడియం పిసరంత కూడా లేదు, పేరు మాత్రం మిగిలింది. అది తన మీద పడిన వెలుగును వచ్చిన దారినే వెనక్కు పంపుతుంది. లారీ వెనక వచ్చే కారు దీపాలకు, డ్రైవరు కళ్ళకు మధ్య దూరం కొద్ది గనక అతనికి ధగధగమంటుంది. స్టేజీ దీపాలు ఎదురుగా ఎక్కడో పైన ఉంటవి. ఆ స్టిక్కరు వెలుగును మళ్ళీ ఆ దీపాలకే పంపుతుంది. వాయించేవాడికి దక్కేది స్వల్పం. నుదుటికి దీపం కట్టుకుని వాయిస్తే తప్ప ఇది పనికిరాదు.

నిజంగా రేడియం ఉన్న రంగూ ఒకప్పుడు ఉండేది. తాతయ్య గడియారం మీద ఉన్నది అదే కావచ్చు. 1917 నుంచి అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలో ఆరెంజి అనే ఊళ్ళో, ఒక కర్మాగారంలో యువతులు గడియారాల అంకెలకు ఆ రంగు వేసేవారు. అంకెలు సన్ననివి. కుంచె మొన విరిసిపోయినప్పుడల్లా పెదవుల మధ్య పెట్టి సన్నం చేసుకోమని పైవాళ్ళే నేర్పారు. "ఇందువల్ల హాని లేదు" అని కూడా చెప్పారు. ఆ అమ్మాయిలు సరదాకు గోళ్ళకూ పళ్ళకూ పూసుకుని చీకట్లో నవ్వుకునేవారట. రేడియం ఒంట్లోకి పోతే కాల్షియంలాగే ఎముకల్లో చేరి అక్కడే కూర్చుంటుంది. కొన్నేళ్ళకు వారి పళ్ళు ఊడినవి, దవడ ఎముకలు కుళ్ళినవి. చాలామంది చనిపోయారు. ఐదుగురు స్త్రీలు, నడవలేని స్థితిలో కూడా, న్యాయస్థానానికెక్కి పోరాడారు. 1928లో కంపెనీ పరిహారానికి ఒప్పుకున్నది. ఆ రంగును కనిపెట్టిన డాక్టరు కూడా అదే సంవత్సరం ఆ విషానికే బలి అయినాడు.

రేడియం సగం తరగడానికి 1600 సంవత్సరాలు పడుతుంది. దానితో కలిపిన జింకు సల్ఫైడు మాత్రం కొన్నేళ్ళకే పాడవుతుంది. అందుచేత పాత గడియారం మెరవడం మానేసినా రేడియం అక్కడే ఉన్నదన్నమాట. 1960ల దాకా ఇలాంటి గడియారాలు తయారైనవి. అద్దం మూసి ఉన్నంతవరకు ఊరికే ఉంటుంది. గీకితే పొడి ఊపిరిలోకి పోతుంది. పెద్దలు ఇంట్లో అటకమీది సామాను ఒకసారి చూసుకోవలెనని నా కోరిక.

ఇప్పుడు విషం లేని మెరుపు ఉన్నది. స్ట్రాన్షియం అల్యూమినేటు అనే పదార్థంలో యూరోపియం, డిస్ప్రోసియం అనే మూలకాలను లేశమాత్రం కలిపి, 1993లో జపానులో నెమోటో అనే సంస్థవారు మెరిసే పొడి తయారుచేశారు. ఇది రేడియోధార్మికం కాదు. అంతకుముందు వాడిన జింకు సల్ఫైడు పొడికన్న చాలా ఎక్కువసేపు మెరుస్తుంది. అయితే ఇది తనంత తాను వెలగదు, ముందు వెలుగు తాగాలి. నీళ్ళు నింపిన చిల్లుకుండ అనుకోండి. నిండుగా ఉన్నప్పుడు ధార గట్టిగా పడుతుంది, తగ్గినకొద్దీ బొట్లుబొట్లుగా చాలాసేపు పడుతుంది. ఇదీ అంతే. మొదటి నిమిషాల్లో మెరుపు హెచ్చు, తరవాత సన్నగా గంటలకొద్దీ. పైగా మెరుపు ఆకుపచ్చన. చీకటికి అలవాటుపడ్డ కన్ను బాగా పట్టుకునేది ఆ రంగు, దాని పక్కనున్న నీలి ఛాయలే.

దీనితో వచ్చే చిక్కల్లా కుండ నింపడం మరచిపోవడమే. గిటారును పెట్టెలో పెట్టి తెచ్చి, తీయగానే స్టేజీ ఎక్కితే చుక్కలు మెరవవు. ఎర్రదీపం కింద ఎంతసేపున్నా కుండ నిండదు. నీలి, ఊదా కిరణాలుండాలి. వాయించే ముందు తెల్లని టార్చి, ఫోనులో ఉండేదైనా సరే, చుక్కలకు దగ్గరగా పట్టి ఒక్కొక్కదానికి నిమిషం చూపాలి. రెండు పాటల మధ్య మళ్ళీ ఒకసారి.

మెడలోనే చిన్న ఎల్.ఇ.డి. దీపాలు పెట్టిన గిటార్లూ ఉన్నవి. బాగుంటవి, ఖరీదు. ఇంట్లో మెడకు బెజ్జాలు వేయవద్దు. లోపల ఉక్కు కడ్డీ ఉంటుంది.

అన్నయ్యకు నేను చెప్పేది ఇది. స్ట్రాన్షియం అల్యూమినేటు స్టిక్కరే అడిగి కొని, 3 మిల్లీమీటర్ల చుక్కలు కత్తిరించి, మెడ పై అంచున పాత చుక్కల మీద అతికించి, పైన రంగులేని గోళ్ళరంగు సన్నగా పూయాలి. తీగల కిందికి పోనియ్యవద్దు. అన్నీ ఒకేలా మెరిస్తే చీకట్లో అది 5వదో 7వదో తెలియదు. నాకైతే 5వ గడిలో చుక్కకు బదులు చిన్న గీత ఉంటే బాగుంటుందనిపిస్తుంది. 12లో ఎలాగూ రెండు చుక్కలు. చుట్టూ సన్నని నల్లగీత గీస్తే వెలుగులో కూడా తేడా బాగా తెలుస్తుంది.

గిటారు లేనివాళ్ళు కూడా దీన్ని పరీక్షించవచ్చు. గజం పొడవు కర్రకు నల్లరంగు వేసి, 34 అంగుళాలకు పైన చెప్పిన లెక్కతో మెట్లు గీయండి. ఒక అంచున తెల్లకాగితం చుక్కలు, ఇంకో అంచున మెరిసే చుక్కలు పెట్టండి. రాత్రి దీపం ఆర్పి, చెల్లెల్ని "ఏడు! పన్నెండు! మూడు!" అని చెప్పమని, మీరు ఆ గడి ముట్టుకోండి. దీపం వేసి తప్పులు లెక్కపెట్టండి. ఒక్కొక్క అంచుకు ఇరవైసార్లు చేసి, రెండు లెక్కలూ నాకు వ్రాయండి. దీపం ఆర్పిన వెంటనే ఒకసారి, ఇరవై నిమిషాలు చీకట్లో కూర్చున్నాక ఒకసారి చేస్తే మరీ మంచిది. స్టిక్కరు ముక్కలు మిగులుతవి, పారెయ్యకండి. ఒకటి అమ్మమ్మ మంచం దగ్గరి స్విచ్చి పక్కన, ఒకటి మేడమెట్ల మొదటి మెట్టు అంచున అతికించండి.