ఆవరణమున దీపములు

మార్కాపురమున ప్రభుత్వ వైద్యకళాశాలకు 2021 మే 31వ తేదీన శంకుస్థాపన జరిగినది. దాని నిర్మాణమును గుఱించియు, నిర్వహణమును గుఱించియు వాదోపవాదములు చాల నడచినవి. ఆవరణమున రాత్రివేళ దీపము లెట్లుండవలెనను ప్రశ్న వానిలో మాకు వినబడలేదు. ఇది యల్పవిషయమని కొందఱకు తోచవచ్చును. అర్ధరాత్రి పిలుపు రాగా వసతిగృహమునుండి ఆసుపత్రికి ఒంటరిగా నడువవలసిన విద్యార్థిని కిది యల్పము కాదు.

కలకత్తాలో 2024 ఆగష్టు 9వ తేదీన విధినిర్వహణమున నున్న యువవైద్యురాలు ఘోరహత్యకు గుఱియైన పిదప, జాతీయ వైద్య కమిషను కళాశాలల కన్నిటికిని సూచనలు పంపినది. సిబ్బంది సాయంకాలమున నిర్భయముగా నడుచుటకు తగిన వెలుతురుండవలెనని యందొకటి. ఆ ఘోరము జరిగినది భవనములోపలనే. దీపము కావలికి సాయమగునే గాని కావలి కాజాలదు. అయినను దారి చీకటియైనచో కావలివాడు సైతము గ్రుడ్డివాడే.

వెలుతురనగానే నడుమ నొక యున్నతస్తంభము నాటి ప్రచండదీపములు తగిలించుట పరిపాటియైనది. దానివలన కన్నులు మిరుమిట్లు గొనును. గోడచాటును చెట్టుచాటును మఱింత చీకటిగా దోచును. దూరము రెట్టింపైన వెలుతురు నాలవవంతగును. కావున తక్కువ యెత్తున, దగ్గఱదగ్గఱగా, కాంతి నేలమీదనే పడునట్లు పైకప్పుగల దీపములను దారివెంట నిలుపుట మేలు.

మఱియొక మాట. మార్కాపురమునకు నల్లమల చేరువ. ఆ యడవిలో నాగార్జునసాగర్ శ్రీశైలము పులుల అభయారణ్యమున్నది. నీలిఛాయగల తెల్లని వెలుగు పురుగుల నెక్కువగా నాకర్షించును. అవియే కిటికీలగుండ రోగుల గదులు చేరును. 3,000 కెల్విన్లకు మించని పసుపుఛాయ దీపములు రోగులకును వన్యజీవులకును హితకరములు. మహారాష్ట్రమందలి పెంచ్ పులుల అభయారణ్యము చీకటి యాకాశమును కాపాడినందుకు 2024లో అంతర్జాతీయ గుర్తింపు పొందినది. అచ్చట గ్రామములను చీకటిపాలు చేయలేదు. వీధిదీపముల ముఖములను నేలకు ద్రిప్పిరి.

కావున అధికారులను మేము కోరునది యింతియే. రాత్రి విధులు చేయు నర్సులు, విద్యార్థినులు ఏ దారిని నడుతురో ముందుగా తెలిసికొనవలెను. ఆ దారిదీపములు విద్యుచ్ఛక్తి పోయినప్పుడును వెలుగునట్లు వేఱుగ నేర్పాటు చేయవలెను. ఆరిన దీపమును మార్చు బాధ్యత యెవరిదో వ్రాసియుంచవలెను. మార్కాపురము పలకలకు పేరుగన్న యూరు. ఆ పలకమీద ముందు దారులు గీయుడు. స్తంభములు పిదప నాటవచ్చును.