విషమనగా నీరు

తెలుగు పండితుణ్ణి కావడం వల్ల, నీటిని గురించి నాకు తెలిసినదంతా చాలాకాలం నిఘంటువుల్లో ఉన్నదే. జీవనము, ఉదకము, పయస్సు, అమృతము అని పిల్లలచేత పర్యాయపదాలు వల్లె వేయించేవాణ్ణి. సంస్కృత నిఘంటువులు 'విషము' అన్న మాటకు కూడా నీరనే అర్థం చెబుతాయి. "అమృతమూ నీళ్ళే, విషమూ నీళ్ళే అయితే ఎట్లా సార్?" అని ఏ గడుసు పిల్లవాడైనా అడిగితే, "సందర్భాన్ని బట్టి అర్థం నాయనా" అని దాటవేసేవాణ్ణి. ఆ సందర్భమేమిటో పదవీ విరమణానంతరం, వీరపునాయునిపల్లెలోని మా ఇంట్లోనే తెలిసివచ్చింది.

నీటిశుద్ధి యంత్రాలు అమ్మే యువకుడొకడు ఒకనాటి ఉదయం మా వసారాలో కూర్చున్నాడు. ముందుగా ఒక కలం వంటి మీటరును మా బోరు నీళ్ళలో ముంచాడు. ఏడు వందల పైచిలుకు అంకె వచ్చింది. తన సీసాలోని నీళ్ళలో ముంచితే ముప్పై. "చూడండి సార్" అన్నాడు. అంతటితో ఆగక రెండు గాజు గ్లాసుల్లో రెండు రకాల నీళ్ళూ పోసి, కడ్డీలున్న చిన్న పరికరమొకటి వాటిలో దించి, కరెంటు పెట్టాడు. నిమిషంలో మా నీళ్ళు చెఱువు అడుగు బురద రంగుకు తిరిగాయి. అతని నీళ్ళు తేటగానే ఉన్నాయి. "ఇన్నాళ్ళూ మీరు తాగింది ఇదే మేడం" అన్నాడతను. మా ఆవిడ ముఖం పాలిపోయింది.

నాతో పనిచేసిన సైన్సు మాష్టారొకాయన ఈ గారడీ సంగతి వెనుకనే చెప్పి ఉండడం నా అదృష్టం. లవణాలున్న నీటిలో విద్యుత్తు ప్రవహిస్తుంది. ప్రవహించినప్పుడు ఇనుప కడ్డీ కరగి తుప్పు దిగుతుంది. ఆ మడ్డి కడ్డీది, నీటిది కాదు. లవణాలు తీసేసిన నీటిలో విద్యుత్తు సరిగా పారదు గనుక తుప్పూ దిగదు. ఒక చిటికెడు ఉప్పు తెమ్మని మా ఆవిడతో చెప్పి, ఆ తేట నీటిలో వేసి, మళ్ళీ కరెంటు పెట్టమన్నాను. అదీ బురదైంది. పాపం, ఆ పిల్లవాడు నా కంటె ఎక్కువ ఆశ్చర్యపోయాడు. "మాకు ట్రైనింగులో ఇది చెప్పలేదు సార్" అన్నాడు. కాఫీ ఇచ్చి పంపించాము.

ఈ విజయగాథను నెల రోజులపాటు అంగడి దగ్గర, గుడి దగ్గర, పెండ్లిండ్లలో చెప్పుకున్నాను. చివరికి ఆ సైన్సు మాష్టారికే చెప్పాను. ఆయన నవ్వి, "గారడీ పట్టుకున్నారు సరే, నీళ్ళు పరీక్ష చేయించినారా?" అన్నాడు. చేయించలేదు. ఆయన పోరు పడలేక సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపాను. లీటరుకు 1.8 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్నదని కాగితం వచ్చింది. భారతీయ ప్రమాణాల ప్రకారం 1 మిల్లీగ్రాము దాటరాదు. వేరే నీటి వసతి లేనిచోట 1.5 వరకు సహించవచ్చు. మాది అదీ దాటింది. ఆ అమ్మకందారు చూపినది అబద్ధం, కాని నా నీళ్ళు మంచివి కావు. అతడు చెప్పినదానిలో తప్పు పట్టగలిగాను గనుక నా పక్షం ఒప్పు అనుకున్నాను. తర్కశాస్త్రంలో మొదటి పాఠమే నేను మరచిపోయాను.

ఆ కాగితం చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం మా ఇంటి బోరు కాదు. 1990 ప్రాంతంలో పులివెందుల వైపు ఒక పల్లె పాఠశాలలో పనిచేశాను. నా తరగతిలో నలుగురైదుగురు పిల్లల పండ్ల మీద గోధుమరంగు చారలుండేవి. సోమవారం గోళ్ళూ, పండ్లూ తనిఖీ చేయడం నా అలవాటు. "పండ్లు తోముకోకుండా బడికి వస్తావా?" అని వాళ్ళను వరుసలో నుంచి తప్పించి నిలబెట్టేవాణ్ణి. ఒకడు మాత్రం, "తోమినా సార్, బొగ్గుతోగూడా తోమినా, పోలే" అన్నాడు. అబద్ధమాడుతున్నాడని మరొక దెబ్బ వేశాను. ఫ్లోరైడు ఎక్కువున్న నీరు త్రాగే పిల్లలకు, చిగుళ్ళలో పండ్లు రూపుదిద్దుకొనే వయసులోనే ఆ మచ్చ పడుతుంది. తరువాత ఏ పండ్లపొడీ దానిని తీయలేదు. ఆనాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల ప్రజల ఎముకలు బిగుసుకుపోవడానికి త్రాగునీటిలోని ఫ్లోరైడే కారణమని వైద్యులు 1937లోనే ప్రకటించారు. నేను బెత్తం పట్టుకొని నిలబడిన నాటికి ఆ సంగతి తెలిసి యాభై ఏళ్ళు దాటింది.

ఇందులో మరొక మెలిక ఉన్నది. మాది నాపరాతి నేల. ఎఱ్ఱగుంట్ల గనుల రాళ్ళు మీ ఇండ్లలోనూ పరచి ఉంటారు. భూగర్భశాస్త్రజ్ఞులు మా పక్కనున్న వేంపల్లె పేరుతోనే ఒక శిలాశ్రేణిని పిలుస్తారు. సున్నపు పాలు ఎక్కువైన బోర్ల నీటిలో కందిపప్పు ఉడకదు, బిందె లోపల తెల్లటి గార కడుతుంది. అందుకని మా ఆడవాళ్ళు పప్పు బాగా ఉడికే నీళ్ళను వెతుక్కొని తెచ్చుకుంటారు. కాని నీటిలో సున్నం ఎక్కువగా ఉంటే ఫ్లోరైడు అంతగా నిలువదు. సున్నం తక్కువై, సోడా గుణం ఎక్కువైన నీటిలోనే అది సుఖంగా కరగి ఉంటుంది. అంటే మనం తియ్యనివని మెచ్చుకొనే నీళ్ళే ఒక్కొక్కప్పుడు కీడు చేస్తాయి. మా ఇంటి బోరు అటువంటిదే. దానికి రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. కాచితే పోదు, ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు ఆపలేదు. అతినీలలోహిత దీపం క్రిములను చంపుతుందే గాని దీని జోలికి పోదు. ఆ కలం మీటరు కరిగిన లవణాల మొత్తం చెబుతుంది గాని, అందులో ఏది ఎంతో చెప్పదు.

కాబట్టి ఏ యంత్రం కొనాలని నన్నడిగే మిత్రులకు నా ప్రశ్న ఒక్కటే: మీరు త్రాగేది ఏ నీరు? నదీజలాలు శుద్ధిచేసి కుళాయికి ఇస్తున్న ఊరైతే, అక్కడి భయం సాధారణంగా బురద, క్రిములు. దానికి కాచి వడపోయడమో, అతినీలలోహిత దీపపు యంత్రమో చాలు. ఫ్లోరైడున్న బోరైతే ఆర్.ఓ. యంత్రమో, యాక్టివేటెడ్ అల్యూమినా ఉన్న వడపోతో కావాలి. మేము చివరికి ఆర్.ఓ. యంత్రమే పెట్టించుకున్నాము, కాని త్రాగడానికీ వంటకూ మాత్రమే. ఎందుకంటే అది ఒక బిందె మంచినీరిచ్చి రెండు మూడు బిందెలు పారబోస్తుంది. వాననీటికి ముఖం వాచిన సీమలో ఆ గొట్టం కింద బకెట్టు పెట్టకుండా ఉండడం నాకు పాపమనిపిస్తుంది. ఆ నీటితో మా ఇల్లు రోజూ కడుగుతున్నాము. లవణాలు 500 లోపున్నచోట ఈ యంత్రాలను నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ప్రభుత్వాన్ని ఆదేశించినదీ ఈ వృథాను చూసే. మంచి కుళాయి నీరున్నవారు గొప్పకోసం దానిని గోడకు తగిలించుకోవడం నాకు నచ్చదు.

అయితే నాకు అంతకంటె నచ్చనిది మరొకటున్నది. యంత్రం కొనుక్కున్న ఇంటివాడు ఆ తరువాత ఊరి కుళాయిని గురించి అడగడు. నేనూ ఒక యేడాది అడగలేదు. కొనలేనివాడు క్యాను కొంటాడు, అదీ కొనలేనివాడు బోరు నీళ్ళే త్రాగుతాడు, వాడి బిడ్డ పండ్లమీద చార పడుతుంది. పక్క అనంతపురం జిల్లాలో 1990ల నడుమ సత్యసాయి పథకం వందల పల్లెలకు నీరిచ్చిందంటే, ఇంటింటికీ ఫిల్టరు పంచి కాదు. మంచి నీరున్నచోటినుంచి గొట్టాలు వేసి. మా మండలంలోనే గాలేరు–నగరి పథకం కింద కట్టిన సర్వరాయసాగరం ఉన్నది. ఏ బోరు నీటిలో ఏమున్నదో పంచాయతీ గోడమీద వ్రాసిపెట్టడానికి అంత నీరు కూడా అక్కరలేదు, సున్నమూ కుంచే చాలు. పోయిన గ్రామసభలో అడిగాను. ఇద్దరు ముగ్గురు తలలూపారు. సర్పంచి చూస్తామన్నాడు. మళ్ళీ అడుగుతాను.

ఈమధ్య ఒకాయన మనుమరాలి పేరంటానికి పిలవడానికి వచ్చి, "అయ్యవారూ, గుర్తుపట్టినారా?" అన్నాడు. నవ్వేటప్పుడు చేయి నోటికి అడ్డం పెట్టుకున్నాడు, దానితో గుర్తుపట్టాను. బొగ్గుతో తోమినవాడే. ఆ దెబ్బ సంగతి నేనే ఎత్తి, తప్పు నాది అన్నాను. "అప్పుడందరూ కొట్టేవాళ్ళు గదా సార్" అని తేలికగా తీసేశాడు. మనుమరాలు త్రాగే నీరేదని అడిగితే, "మా చేని బోరే, భలే తియ్యగుంటాయి" అన్నాడు.

నిన్న వాళ్ళబ్బాయిచేత ఒక సీసా పంపించాడు. దానిమీద ఊరిపేరూ తేదీ వ్రాసి కిటికీలో పెట్టాను. రేపు పొద్దున బస్సుకు కడపకు తీసుకువెళ్ళాలి.