గల్తీకి ఓ పేరు పెట్టండి



మా ఖాలా కూతురు స్కాలర్‌షిప్ కోసం ఆన్‌లైన్‌లో ఫారం నింపింది. సబ్మిట్ నొక్కినప్పుడల్లా ఒకటే జవాబు: ‘ఏదో పొరపాటు జరిగింది’. మూడు రోజులు ఇంటర్నెట్ సెంటర్ చుట్టూ తిరిగాక అసలు వజహ్ తెలిసింది. వాళ్ల అబ్బా పేరు ఒక కాగితంలో ‘మొహమ్మద్’, ఇంకో కాగితంలో ‘ఎండీ’. మన ఇళ్లలో ఈ తకలీఫ్ పడనివాళ్లు తక్కువ.

ఆ కోడ్ నేను చూడలేదు. కానీ ప్రోగ్రామర్ని కాబట్టి ఇలాంటి జవాబు ఎలా పుడుతుందో తెలుసు. ఏ గల్తీ వచ్చినా ఒకే మూటగా పట్టుకుని, ఒకే మాట చెప్పి పంపేస్తారు. మర్జ్ ఏమిటో చెప్పకుండా ‘తబియత్ బాలేదు’ అని హకీమ్ పంపేసినట్టు!

పైథాన్‌లో వాల్యూఎర్రర్, కీఎర్రర్ లాంటి ఎక్సెప్షన్లు ముందే ఉన్నాయి. కానీ ‘రెండు కాగితాల్లో పేరు కలవలేదు’ అన్న ముసీబత్ పైథాన్‌కేం తెలుసు? అది మన పనిలోంచి పుట్టింది. బిడ్డకు అఖీఖా నాడు పేరు పెట్టినట్టు, దానికి మనమే పేరు పెట్టాలి. క్లాస్ అని రాసి, ‘నేమ్‌మిస్‌మ్యాచ్‌ఎర్రర్’ అని పేరిచ్చి, బ్రాకెట్లలో ఎక్సెప్షన్ అని రాయాలి. కింద పాస్ అంటే సరి. రెండే లైన్లు! బేస్‌ఎక్సెప్షన్ మాత్రం రాయకండి. ప్రోగ్రాంను ఆపే కంట్రోల్-సీ కూడా నేరుగా ఆ ఖాందాన్‌దే.

పాస్ బదులు ఇనిట్ రాసి రెండు పేర్లనూ అందులో దాచితే ఇంకా మేలు. అప్పుడు ‘అక్కడ ఇలా ఉంది, ఇక్కడ ఇలా ఉంది, సరిచేసుకోండి’ అని సాఫ్‌గా చెప్పొచ్చు. మా పిల్లకు ఆ ఒక్క మాట చాలేది.

అలాగని ప్రతిదానికీ కొత్త క్లాస్ రాస్తే అదీ ఇస్రాఫే. నా లెక్క ఒకటే: ఆ గల్తీని పట్టుకున్న చోట వేరే జవాబో, వేరే పనో అవసరమైతేనే కొత్త పేరు. లేకపోతే వాల్యూఎర్రర్ చాలు.

మీ ఇంట్లో కోడింగ్ నేర్చుకుంటున్న బేటా, బేటీ ఉంటే ఈ మాట చెప్పండి. వాళ్లు రాసిన ఫారం ముందు రేపు ఎవరి ఖాలానో కూచుంటుంది. తన దరఖాస్తు ఎందుకు ఆగిందో తెలుసుకోవడం ఆమె హఖ్. ఆమె వఖ్త్ మన చేతిలో అమానత్.