పాత బండికి వయస్సే నేరమా?

మోటారు బండి పాతబడుట నేరమా? ప్రభుత్వమువారి రుసుముల పట్టికను చూచిన వారికి అట్లే తోచును. పదునైదేండ్లు నిండిన సొంత కారు రిజిస్ట్రేషనును పునరుద్ధరించుకొనుటకు 2022 మార్చి వఱకు 600 రూపాయలు చెల్లించినచో చాలియుండెను. ఏప్రిలునుండి అది 5,000 అయినది. 2025 ఆగష్టున వెలువడిన ప్రకటన ననుసరించి ఇరువదేండ్లు దాటిన కారునకు 10,000. బండి యే స్థితిలో నున్నదను ప్రశ్న యీ పట్టికలో నెచ్చటను లేదు. చక్కగా పోషింపబడిన బండికిని, చక్రములూడిపోవ సిద్ధముగా నున్న బండికిని ఒకటే రుసుము. ఇది న్యాయమని నేనొప్పుకొనజాలను. అయితే ప్రభుత్వమును నిలదీయుటకు ముందు పాత బండ్ల యజమానులమైన మనము మన యిల్లు చక్కబెట్టుకొనవలసి యున్నది.

నేను చెప్పునది వేగమునకు పేరొందిన పాత కార్లను గూర్చి. మారుతి 800 బలము 40 గుఱ్ఱములకు అటునిటుగా నున్న దినములలో హోండా సిటీ వీటెక్ 2000లోను, ఫియట్ పాలియో 1.6 2001లోను, స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 2004లోను మన రోడ్లపైకి వచ్చినవి. మొదటి రెండును నూఱు గుఱ్ఱములకు తక్కువ కానివి, మూడవది నూటయేబది. అప్పుడు కళాశాలలో చదువుచు, బస్సు కిటికీలనుండి వానిని చూచి నిట్టూర్చినవారు నేడు నలువదులలో బడి, వానిని సెకండుహ్యాండున గొని, ఇంటి ముంగిట రేకుల షెడ్డు వేసికొని, ఆదివారములందు చేతులకు గ్రీజు పూసికొనుచున్నారు. అందు నేనొకడను. నాది 2002లో తయారైన పాలియో.

దీనిని పిచ్చి యనువారు గలరు. కావచ్చును. కాని తన యంత్రమును తాను విప్పి బిగింపగల చేయి దేశమునకు ఆస్తియని నేను నమ్ముదును. విజయవాడ ఆటోనగరమున మూలబడిన లారీలను మరల రోడ్డెక్కించు మేస్త్రీలలో పెక్కురు ఏ కళాశాలలోను ఈ విద్య నేర్చినవారు కారు. పాత యంత్రములను విప్పియే నేర్చిరి. పాతదానిని పారవేయుటయే నాగరకతయని తలచు జాతికి అట్టి చేతులు మిగులవు.

ఇక నా తప్పు చెప్పుకొందును. 2022 వేసవిలో 5,000 చెల్లించి పునరుద్ధరణకు బండిని గొనిపోయితిని. ఛాసిస్ సంఖ్య సరిచూచిరి, దీపములు వెలిగించిరి, హారను మ్రోయించిరి, పంపివేసిరి. అంతకు కొలది నెలలకు ముందే 18,000 రూపాయలు పోసి క్రొత్త సైలెన్సరును, క్రొత్త ఎయిర్ ఫిల్టరును అమర్చియుంటిని. చప్పుడు మారినది, బలము పెరిగినదని నన్ను నేనే నమ్మించుకొంటిని. ఆ డిసెంబరులో కుటుంబముతో అరకునుండి అనంతగిరి ఘాట్ రోడ్డు మీదుగా శృంగవరపుకోటకు దిగుచుండగా, సగము దూరమున బ్రేకు పెడలు మెత్తబడెను. మఱి రెండు మలుపులు తిరుగునప్పటికి నేలకంటిపోయెను. వెనుక సీటున పిల్ల లిద్దఱు నిద్రించుచుండిరి. గేరు తగ్గించి, హ్యాండుబ్రేకు లాగి, కొండవైపు కాలువలోనికి చక్రమును దింపి యాపితిని. ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. నా భార్య చాలసేపు మాటాడలేదు. పిమ్మట, “ఏమండీ, ఆ గొట్టానికి పోసిన డబ్బు దీనికి పెట్టకూడదూ?” అని మాత్ర మడిగెను.

కారణము మిక్కిలి చిన్నది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చును. డాట్ 4 అను రకము క్రొత్తగా నున్నపుడు 230 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు మరుగకుండవలెనని ప్రమాణము. తేమ పీల్చిన పిదప దానికి విధింపబడిన కనీసము 155 మాత్రమే. డాట్ 3 అయినచో ఈ అంకెలు 205, 140. ఘాట్ రోడ్డున ఎడతెగక బ్రేకు త్రొక్కినచో ఆ వేడికి తేమ పట్టిన ఆయిలు మరిగి ఆవిరిబుడగలు పుట్టును. ఆయిలును నొక్కినపుడు ఆ బలము చక్రమునకు చేరును. ఆవిరిని నొక్కినచో ఆవిరియే యణగును, చక్రమునకు చేరున దేమియు లేదు. రెండేండ్ల కొకమాఱు మార్చవలసిన ఆయిలును నేను ఆరేండ్లు మార్చక యుంటిని. సీసా ధర 500 రూపాయలకు లోపు. పైగా తక్కువ గేరున దిగవలసిన చోట బ్రేకుపై భారము వేసి దిగితిని. ఈ రెండును నా దోషములే. బండి వయస్సు దోషము కాదు.

నాటినుండి నా పద్ధతి మారినది. బండిని ఆపునవి మొదట, నడపునవి తరువాత. బ్రేకు ప్యాడ్లు, డిస్కులు, రబ్బరు గొట్టములు చూడక ఇంజను మూత ఎత్తను. టైరు ప్రక్కన అచ్చువేసిన నాలుగంకెలను చదువుట ప్రతి యజమానియు నేర్వవలయును: 2319 అనియున్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున చేయబడినదని యర్థము. పైన గాడులు లోతుగానే యున్నను లోని రబ్బరు ఎండి బిగిసిపోయి యుండవచ్చును. టైమింగు బెల్టు కథయు నిట్టిదే. అది తెగినచో వాల్వులు పిస్టనులకు తగిలి వంగిపోవు ఇంజనులు పెక్కు గలవు. ఆ పట్టీ కిలోమీటర్లచేతనే గాక యేండ్లచేతను ముసలిదగును. ఆదివారము మాత్రమే తిరుగు బండియని ఉపేక్షించువారు అందుచేతనే మోసపోవుచున్నారు. రేడియేటరులో కూలెంటు పోయక కుళాయి నీరు పోయుట, జాకీ నొక్కదానిని నమ్మి బండి క్రింద దూఱుట — వీనిని గూర్చి వేఱుగ చెప్పనేల? స్టాండులు లేనివాడు పానా పట్టరాదు.

మెఱుగుపఱచుట తగదని నేననుట లేదు. పాత వైరులలో విద్యుత్తు కొంత నష్టమై హెడ్‌లైట్లు మసకబాఱును. బ్యాటరీనుండి నేరుగ రిలేతో దళసరి వైరు వేసినచో ఆ బల్బులే తెల్లగా వెలుగును. ఒక్క మధ్యాహ్నపు పని. క్రొత్త షాక్ అబ్జార్బర్లు, మంచి టైర్లు పాత బండికిచ్చు పరువు పెద్ద సైలెన్సరు ఇయ్యలేదు.

ఇక చట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టమున 52వ సెక్షను తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదనుచున్నది. సుప్రీముకోర్టు 2019 జనవరిలో దానినే దృఢపఱచినది. అదే సంవత్సరపు సవరణచే, అనుమతి లేని యొక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలలవఱకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును. కాని బండి నిర్మాణమును మార్చి మూలలక్షణమును భేదింపజేయునదే ‘మార్పు’ అని ఆ సెక్షనే వివరించుచున్నది. అరిగిన ప్యాడ్లకు బదులు మేలైన ప్యాడ్లు వేయుట దాని క్రిందకు రాదు. ఈ భేదము రోడ్డుమీద బండి నాపువారికిని తెలియవలయును.

సామాను దొరకనిదే పోషణ యెట్లు? స్వతంత్ర మేస్త్రీలకు విడిభాగములను, పరీక్షాసాధనములను అందనీయకుండుట తప్పని నిర్ణయించి, కాంపిటీషన్ కమిషను 2014 ఆగష్టున పదునాలుగు కార్ల కంపెనీలపై 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించెను. పిమ్మట అప్పీళ్లు నడిచినవి. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖవారు మరమ్మతు హక్కును గూర్చి యొక సంఘమును నియమించి, మోటారు వాహనములను గూడ దాని పరిధిలో చేర్చిరి. సంఘములు వేఱు, శాసనము వేఱు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున 2012లోనే ప్రజలు వోటువేసి ఈ హక్కును సాధించుకొనిరి.

నేను కోరునది రుసుము రద్దు కాదు. ఆ 10,000 రూపాయలు తీసికొని బండిని నిజముగా పరీక్షింపుడు: బ్రేకులను యంత్రముపై నెక్కించి చూడుడు, ఆయిలులోని తేమను కొలువుడు, టైర్ల అంకెలు చదువుడు. తప్పినదానిని నిస్సంకోచముగ త్రోసివేయుడు. నెగ్గినదానికి రుసుములో సగము తిరిగి యిండు.

నా బండి గడువు 2027లో మరల వచ్చును. ఆయిలు, బెల్టు మార్చిన తేదీలన్నియు వ్రాసిన పుస్తకమును, బిల్లులను వెంట గొనిపోదును. హారను మ్రోయించిన పిమ్మట వారు దానిని తెఱచి చూతురో, చూడరో.