దిగేది రెండు కోట్ల మంది... ఆగేదెందరు?

శంషాబాద్ విమానాశ్రయం మీదుగా ఏటా రెండు కోట్లకు పైగా ప్రయాణికులు రాకపోకలు సాగిస్తున్నారు. 2008 మార్చిలో ఇక్కడ విమానాలు దిగడం మొదలైనప్పుడు చుట్టుపక్కల గ్రామాల్లో ఒక ఆశ ఉండేది. భూములు పోతే పోయాయి, దేశదేశాల జనం వస్తారు, వారితో పాటు మనకూ నాలుగు రాళ్లు వస్తాయని. జనం వచ్చారు. వచ్చినవారు వచ్చినట్టే కార్లెక్కి, కొందరు ఔటర్ రింగు రోడ్డు పట్టుకుని, కొందరు ఆరాంఘర్ దాటి పి.వి. నరసింహారావు వంతెన ఎక్కి నగరంలో కలిసిపోతున్నారు. శంషాబాద్ పేరు వినని తెలుగువాడు లేడు. శంషాబాద్ చూసినవారు మాత్రం తక్కువ.

నీళ్ల మధ్య దీవి ఉంటే అక్కడికి పోవడానికి పడవ కావాలి, రావడానికీ పడవ కావాలి. సుమారు 5,500 ఎకరాల ఈ విమానాశ్రయం కూడా మన మధ్య ఒక దీవి లాంటిదే. చుట్టూ నీళ్లకు బదులు గోడ ఉంది, అంతే తేడా. దీవి నుంచి నగరానికి పుష్పక్ బస్సులున్నాయి, ట్యాక్సీలున్నాయి. పక్క ఊళ్లలో చూడదగ్గవి ఉన్నాయని చెప్పి, చెయ్యి పట్టి తీసుకువెళ్లే ఏర్పాటే కావాలి.

గత చలికాలంలో ఈ వ్యాసకర్త విమానాశ్రయం బయట ఒక కుటుంబాన్ని చూశాడు. జగిత్యాల వైపు నుంచి జీపు మాట్లాడుకుని వచ్చారు. కొడుకు దుబాయి పోతున్నాడు. విమానం రాత్రికి. దారిలో ఏమవుతుందోనని పొద్దున్నే బయలుదేరి మధ్యాహ్నానికే చేరారు. తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు, మేనమామ. తెచ్చుకున్న సద్ది తిన్నారు. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. "ఈ పక్కన గుడేమన్న ఉన్నదా సారూ, పిలగాడు పోయే ముంగట ఒక దండం పెట్టుకుంటడు" అని మేనమామ అడిగాడు. ఉందని చెప్పి, దారి చెప్పి, జీపు డ్రైవరుకు గుర్తులు కూడా చెప్పాను. వెళ్లారో లేదో తెలియదు. రెండేళ్లకో మూడేళ్లకో గాని మళ్లీ కనబడని కొడుకుతో గడిపే ఆఖరి పూట అది. ఇటువంటి కుటుంబాలు నిజామాబాద్ నుంచి, సిరిసిల్ల నుంచి, పాలమూరు నుంచి వస్తూనే ఉంటాయి. దానికి సీజను లేదు. పర్యాటకుడంటే కెమెరా మెడలో వేసుకున్న దొర అని అనుకున్నంత కాలం వీరు మన కంటికి ఆనరు.

ఆ మేనమామకు చెప్పిన గుడి అమ్మపల్లిది. శంషాబాద్‌కు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, నర్కుడ గ్రామ పరిధిలో ఉన్న సీతారామచంద్రస్వామి ఆలయం. ఏడంతస్తుల రాజగోపురం, కొబ్బరి చెట్లు, మండపాలు చుట్టిన పెద్ద కోనేరు. గర్భాలయంలో సీతారామలక్ష్మణులు మకరతోరణంతో సహా ఒకే నల్లరాతిలో కొలువై ఉన్నారు. హనుమంతుడు మాత్రం వారి సరసన లేడు, ఎదురుగా ధ్వజస్తంభం దగ్గర ఉంటాడు. పదమూడో శతాబ్దపు గుడి అని చెబుతారు. ఈ గుడిని చూడని తెలుగువారు అరుదనే చెప్పాలి. అయితే చూసింది తెర మీద. కథానాయకుడు తాళి కట్టిన గుడి, ప్రతినాయకుడి మనుషులు కత్తులు దూసుకుని పరుగెత్తిన కోనేటి మెట్లు మన నర్కుడవేనని సినిమా చూసినవారిలో ఎందరికి తెలుసు? ఎక్కడో తమిళనాడులోనో, గోదావరి ఒడ్డునో ఉందనుకుంటారు. ఇంత ప్రచారం ఉచితంగా దొరికిన గుడి రాష్ట్రంలో మరొకటి ఉండదు. ఆ ప్రచారానికి ఊరి పేరు తగిలించడమొక్కటే మిగిలిపోయింది.

శ్రీరామనవమి నాడు ఇక్కడ కల్యాణానికి వేలాదిమంది వస్తారు. ఆ రోజు పందిళ్లు, మంచినీళ్లు, పోలీసు బందోబస్తు అన్నీ ఉంటాయి. మర్నాటికి పండుగ ముగుస్తుంది, ఏర్పాట్లూ ముగుస్తాయి. ఆ తర్వాత వచ్చేది పెళ్లికి ముందు ఫొటోలు దిగే జంటలు, షూటింగు వ్యానులు. మిగతా మూడువందల అరవై నాలుగు రోజులూ గుడి అక్కడే ఉంది, గోపురం అంతే ఎత్తు ఉంది. రాముడు నవమికి మాత్రమే దర్శనమిస్తానని ఎక్కడా చెప్పలేదు.

ఇక హిమాయత్ సాగర్. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు రెండు జలాశయాల ఆలోచన పుట్టింది. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ నది మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఏడో నిజాం పెద్ద కుమారుడు హిమాయత్ అలీఖాన్ పేరే దీనికి పెట్టారు. వరద ఆపడానికి, నగరానికి తాగునీరివ్వడానికి కట్టిన చెరువు ఇది, విహారానికి కట్టింది కాదు. ఈ సంగతి మొదటే చెప్పుకోవడం మంచిది.

హిమాయత్ సాగర్‌కు జనం ఎప్పుడు వస్తారు? నీటిమట్టం 1,763.50 అడుగులకు చేరుకుని గేట్లు ఎత్తినప్పుడు. 2020 అక్టోబరు వానలకు చాలా ఏళ్ల తర్వాత గేట్లు ఎత్తితే పిల్లాజెల్లాతో కట్ట మీద ఇసుక వేస్తే రాలనంత జనం. చిత్రమేమంటే, రావద్దని చెప్పవలసిన రోజులు కూడా అవే. దిగువన సర్వీసు రోడ్డు మీదికి నీళ్లు వస్తాయి, పోలీసులు దారి మూసేస్తారు, మూసీ ఒడ్డు బస్తీలకు హెచ్చరికలు పోతాయి. ప్రాణానికి ముప్పున్న నాలుగు రోజులు తిరునాళ్లలా ఉండి, ప్రశాంతంగా ఉండే మిగతా ఏడాదంతా కట్ట బోసిపోవడం ఏం లెక్కో తెలియదు. చలికాలపు సాయంత్రం ఆ నీటి మీద పొద్దు గుంకడం చూసినవారికి గేట్ల మోత అక్కర్లేదు.

కట్ట దగ్గర మక్క కంకులు కాల్చి అమ్మే ఒకామెను బేరం ఎలా ఉంటుందని అడిగాను. "గేట్లు లేపిన నాలుగు దినాలే మాకు పండుగ. ఆ తర్వాత ఐతారం ఒక్కటే జర నయం. మిగిలిన దినాల కూలికి పోత" అన్నది. బొగ్గులకు, కంకులకు అప్పు తెచ్చి గేట్ల కోసం ఎదురుచూస్తుందట. చెరువు నిండకపోతే రైతు మాత్రమే కాదు, ఈమె కూడా నష్టపోతుంది. ఏడాది పొడవునా జనం రావాలని మనం కోరేది ఎవరి కోసమో తెలియాలంటే ఈమెను అడగాలి.

ఈ జబ్బు మనదొక్కటే కాదు. నిజమైన దీవి సంగతి చూద్దాం. మన జిల్లాలోనే బొంగులూరు దగ్గర ఔటర్ దిగి, ఇబ్రహీంపట్నం, మాల్ మీదుగా పోతే నాగార్జునసాగర్ వస్తుంది. ఆ నీళ్ల నడుమ నాగార్జునకొండ ఉంది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి జలాశయంలో మునిగిపోతుంటే, తవ్వి తీసిన బౌద్ధ శిల్పాలను, కట్టడాలను కొండ మీదికి చేర్చారు. 1966లో అక్కడ మ్యూజియం పెట్టారు. లాంచీలో పోయి చూసి రావలసిన చోటు. దేశంలో ఇలా నీటి మధ్య ఉన్న మ్యూజియంలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అయినా సాగర్ దారిలో వాహనాలు బారులు తీరేదెప్పుడు? డ్యాం 26 గేట్లూ ఎత్తారని వార్త వచ్చినప్పుడు. వచ్చినవారు నురగలు చూసి, ఫొటో దిగి, చేపల కూర తిని తిరుగుముఖం పడతారు. దీవి దాకా పోయేది కొందరే. వరద ఎక్కువైనా, గాలి విసురు పెరిగినా లాంచీ ఆగుతుంది కనుక ఆ జనం వచ్చిన రోజునే దీవి అందకుండా పోయే అవకాశం కూడా ఉంది. 2014లో రాష్ట్రం రెండైన తర్వాత కొండ ఆంధ్రప్రదేశ్‌లో, ఇటు గట్టు తెలంగాణలో ఉండిపోయాయి. రెండు ప్రభుత్వాలు కలిసి ఆలోచిస్తే తప్ప దానికి ఏడాది పొడవునా కళ రాదు.

మరి ఏడాది పొడవునా జనం వచ్చే చోట్లు లేవా అంటే మన పక్కనే ఉన్నాయి. చిలుకూరు బాలాజీ గుడిలో హుండీ లేదు, దర్శనానికి టిక్కెట్టు లేదు. పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకోవడం, కోరిక తీరాక వచ్చి నూట ఎనిమిది చేయడం. వీసా కావలసిన కుర్రాళ్లు పరీక్షల ముందు, ప్రయాణాల ముందు వస్తూనే ఉంటారు. మెహిదీపట్నంలో బస్సెక్కితే గుడి దాకా దిగబెడుతుంది. అటు కొత్తూరు దగ్గర జహంగీర్ పీర్ల దర్గా ఉంది. హిందువులూ ముస్లిములూ అన్న తేడా లేకుండా కుటుంబాలు మేకపోతుతో వచ్చి కందూరు చేసి, చెట్ల కింద వండుకుని తిని పోతారు. ఈ రెండు చోట్లా కుటుంబం ఒక పూట గడపడానికి పని ఉంది. బస్సు ఉంది. పూలమ్మేవారికి, కొబ్బరికాయలమ్మేవారికి, వంటచెరకు అమ్మేవారికి బేరం ఉంది. ప్రకటనల మీద కోట్లు ఖర్చు పెట్టి తెచ్చిన జనం కాదు వీరు. ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరిలో ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజాచార్యుల విగ్రహం కూడా ఈ దగ్గర్లోనే ఉంది. దాన్ని చూడటానికి దూరం నుంచి వచ్చినవారికి అమ్మపల్లి ఎంత దూరమో చెప్పే బోర్డు ఒకటి పెడితే ఎవరి సొమ్మూ పోదు.

పర్యాటకం అనగానే మనవారికి గుర్తొచ్చేది రిసార్టు. చెరువు ఒడ్డున అద్దాల మేడ, నీళ్లలో పడవ, రాత్రి పూట రంగు దీపాలు. ఈ మాట వింటే భయం వేస్తుంది. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు రాకుండా 1996 మార్చిలో 111 జీవో తెచ్చారు. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలు ఎత్తివేస్తూ మరో ఉత్తర్వు వచ్చింది. ఇరవై ఆరేళ్లు ఎకరం అమ్ముకోలేక, ఇల్లు కట్టుకోలేక ఇబ్బంది పడ్డ రైతుల బాధ నిజమైనది. దాన్ని తీసిపారేయడానికి వీల్లేదు. కానీ పర్యాటకం పేరుతో వచ్చే మేడల మురుగు ఈసీలో కలిస్తే చెరువూ పోతుంది, చూడటానికి వచ్చే జనమూ పోతారు. చచ్చిన చెరువును చూడటానికి ఎవరూ రారు. హుస్సేన్ సాగర్ వాసన మనకు తెలియనిది కాదు.

కాబట్టి అడిగేది చిన్నదే. విమానాశ్రయం నుంచి శంషాబాద్ బస్టాండు మీదుగా అమ్మపల్లి, హిమాయత్ సాగర్ కట్ట, చిలుకూరు చుట్టి వచ్చే బస్సు ఒకటి, పొద్దున రెండు సార్లు, సాయంత్రం రెండు సార్లు. టిక్కెట్టు ధర జగిత్యాల మేనమామ పెట్టుకోగలిగినంతలో ఉండాలి. వచ్చినవారు సామాను వదిలి వెళ్లడానికి విమానాశ్రయంలో ఉన్న వసతి ఎక్కడుందో, ఎంత అవుతుందో తెలుగులో పెద్దక్షరాలతో రాసిన బోర్డు. నర్కుడ, చుట్టుపక్కల ఊళ్లలో ఇంటర్, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలు పదిమందికి గుడి చరిత్ర, చెరువు చరిత్ర నేర్పితే వచ్చినవారికి చెబుతారు. మహిళా సంఘాలకు గుడి దగ్గర నాలుగు గదులిస్తే జొన్న రొట్టె, సర్వపిండి, మక్క గారెలు వేడి వేడిగా పెడతారు. ఆ రుచి విమానాశ్రయం లోపల ఎన్ని వందలు పెట్టినా దొరకదు. అన్నిటికన్నా ముందు ఆడవారికి మరుగుదొడ్లు, వాటికి నీళ్లు, కడిగే మనిషికి నెలనెలా జీతం. కట్టడానికి డబ్బు ఎలాగో ఒకలా వస్తుంది. జీతానికే రాదు. ప్రారంభోత్సవం నాడు రిబ్బను కత్తిరించి, ఆర్నెల్లకు తాళం పడిన మరుగుదొడ్లు మన జిల్లాలో ఎవరికి తెలియవు?

ఇందులో ఆర్టీసీ, పర్యాటక శాఖ, దేవాదాయ శాఖ, జలమండలి, విమానాశ్రయ యాజమాన్యం అందరి చెయ్యీ కలవాలి. అందరి చెయ్యీ కలవాలి కనుకనే ఎవరి చెయ్యీ లేవడం లేదేమో. జిల్లా కలెక్టర్ ఒక పూట వీరందరినీ నర్కుడలోనే, ఆ కొబ్బరి చెట్ల కిందనే కూర్చోబెట్టి మాట్లాడిస్తే బాగుంటుంది. గ్రామ పెద్దలను, కంకులమ్మే ఆమెను కూడా పిలవాలి. వచ్చే శ్రీరామనవమికి ఎటూ పందిళ్లు వేస్తారు, నీళ్ల కొళాయిలు పెడతారు. ఈసారి ఆ కొళాయిలను పండుగ మర్నాడు తీసేయకుండా అక్కడే ఉంచాలని కోరుతున్నాం.